మధ్యరాత్రి పాట

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 16:11–40
తోడుగా చదువవలసినవి: కీర్తనలు 42, 43, 88, 137, సామెతలు 25:20, మార్కు 14:26, కొలొస్సయులకు 3:16



ఈ పాఠమునకు మేము ఎన్నుకొనిన భాగము మీలో చాలమందికి కంఠస్థమే. ఫిలిప్పీ చెరసాల, భూకంపము, చెరసాల నాయకుని మారుమనస్సు, ఇవన్నియు సబ్బాతు బడిలో బొమ్మల అట్టల మీద చూచి నేర్చుకొనిన సంగతులు. అయితే ఈ కథ చెప్పునప్పుడు మనము సాధారణముగా భూకంపము యొద్దకు త్వరపడుదుము. తలుపులు తెరవబడుటయే కథ అన్నట్లు చెప్పి, అంతకు ముందు గడచిన గంటలను ఒక్క మాటతో దాటివేయుదుము. ఈసారి ఆ గంటల యొద్దనే కొంతసేపు ఆగుదము. మనలో చాలమంది జీవించుచున్నది ఆ గంటలలోనే గదా.

మొదట ఆ ఊరిని చూడుడి. ఫిలిప్పీ మాసిదోనియ దేశములో రోమీయులు స్థిరపరచుకొనిన పట్టణము. పౌలు సీలలకు అది సొంత ఊరు కాదు. అక్కడ సమాజమందిరము ఉన్నట్లు లూకా చెప్పడు. విశ్రాంతి దినమున వారు ఊరి వెలుపల నదియొద్దకు వెళ్లి, అక్కడ కూడివచ్చిన స్త్రీలతో మాటలాడిరి. వారిలో మొదట హృదయము తెరవబడిన లూదియ కూడ ఆ ఊరిది కాదు. తుయతైర పట్టణమునుండి వ్యాపార నిమిత్తము వచ్చినది. అనగా ఫిలిప్పీ సంఘము పొరుగు దేశములనుండి వచ్చినవారి మధ్య ఆరంభమైన సంఘము. కోలారులో, హుబ్లీలో, షోలాపూరులో, బరంపురములో, మద్రాసు పేటలలో మన తాతముత్తాతలు ఎవరి యింటి వసారాలోనో, ఏ చెట్టు నీడనో కూడుకొనిన రీతి తెలిసినవారికి ఈ నదీతీరపు కూడిక క్రొత్తగా కనిపింపదు.

వారిమీద మోపబడిన నేరమును కూడ జాగ్రత్తగా చదువుడి. దాసియైన చిన్నదాని వలన వచ్చు రాబడి పోయినదని ఆమె యజమానులకు కోపము వచ్చెను. 19వ వచనము అసలు కారణమును దాచక చెప్పుచున్నది. అయితే న్యాయాధిపతుల యెదుట వారు రాబడి మాట ఎత్తలేదు. వీరు యూదులు, వేరే జాతివారు, మన ఆచారములు కాని ఆచారములు తెచ్చి పట్టణమును గలిబిలి చేయుచున్నారని చెప్పిరి. డబ్బు తగవు పైకి వచ్చునప్పుడు భాష తగవుగాను, ఊరి తగవుగాను వేషము మార్చుకొని వచ్చును. మన యిరుగుపొరుగువారిలో మంచివారు ఎందరో ఉన్నారు. కష్టకాలములో మనకు అన్నము పెట్టిన కన్నడిగులను, తమిళులను, ఒడియా వారిని, మరాఠీ వారిని మేము మరువము. అయినను మీరు ఇక్కడివారు కారు అను మాట ఒక్కసారియైన వినని కుటుంబము మనలో అరుదు.

ఇక ఆ రాత్రి. బెత్తములతో చాల దెబ్బలు కొట్టిరి. గాయములను ఎవరును కడుగలేదు. 33వ వచనములో చెరసాల నాయకుడు కడుగువరకు అవి అట్లే ఉన్నవి. లోపలి చెరసాలలో కాళ్లకు బొండ వేసి బిగించిరి. కాళ్లు కదలక, వీపు నేలకు ఆనింపలేక, ఇటు అటు తిరుగుటకు వీలులేని స్థితి. వెలుగు లేదు. ఇట్టి స్థలములో మధ్యరాత్రి వారు ప్రార్థన చేయుచు పాడుచుండిరి. తక్కిన ఖైదీలు చెవియొగ్గి వినుచుండిరి.

వారికి భూకంపము రాబోవుచున్నదని తెలియదు. ఈ ఒక్క సంగతి మరచినందున ఎన్నో ప్రసంగములు దారి తప్పుచున్నవి. పాడుడి, తలుపులు తెరవబడును. స్తుతించుడి, సంకెళ్లు ఊడును అని కొందరు వేదికల మీద చెప్పుదురు. పాటను తాళపుచెవిగా చేయుదురు. మేము దీనిని అంగీకరింపలేము. ఇదే గ్రంథము 12వ అధ్యాయములో పేతురు చెరసాల తలుపులు కూడ తెరవబడినవి. అప్పుడు పేతురు పాడుట లేదు, ఇద్దరు సైనికుల మధ్య నిద్రపోవుచున్నాడు. అదే అధ్యాయము ఆరంభములో యోహాను సహోదరుడైన యాకోబు ఖడ్గముతో చంపబడెను. బాప్తిస్మమిచ్చు యోహానుకు చెరసాల తలుపు తెరవబడలేదు. పౌలే తరువాత కైసరయలో రెండేండ్లు బంధింపబడియుండెను. అక్కడ ఏ భూకంపమును రాలేదు. కాబట్టి ఆ రాత్రి పాట విడుదలకు చెల్లించిన వెల కాదు. మరి ఏమి? దేవుడు ఆ గదిలో ఉన్నాడని నమ్మినవారు ఆయనతో మాటలాడుటయే అది. తలుపులు తెరవబడక తెల్లవారియుండినను ఆ పాట వ్యర్థమయ్యెడిది కాదు.

ఇంకొక సంగతి. వారు ఏమి పాడిరో లూకా వ్రాయలేదు. అయితే వారియొద్ద గ్రంథపు చుట్ట లేదు, దీపము లేదు. చెరసాల నాయకుడు దీపములు తెమ్మని కేక వేయవలసివచ్చెను. కాబట్టి చిన్ననాటినుండి నోటికి వచ్చినదే పాడియుందురు. యూదుల పిల్లలకు అట్లు వచ్చినవి దావీదు మొదలైనవారి కీర్తనలు. మన ప్రభువు కూడ అప్పగింపబడిన రాత్రి శిష్యులతో పాట పాడి ఒలీవల కొండకు వెళ్లెనని మార్కు వ్రాసెను. పస్కా వేళ 113 మొదలుకొని 118 వరకు గల కీర్తనలు పాడుట యూదుల వాడుక. గెత్సేమనే తోటకు వెళ్లు దారిలో ఆయన పెదవులమీద ఆ కీర్తనలే ఉండియుండవచ్చును. సిలువమీద ఆయన పలికిన మాటలలో 22వ కీర్తన మాటలును 31వ కీర్తన మాటలును ఉన్నవి. శ్వాస అందని వేళ నోటికి వచ్చునది ఎన్నడో కంఠస్థమైనదే.

ఇప్పుడు ఆ కీర్తనలను తెరచి చూతము. ఆదరణ అనగానే మనకు 23వ కీర్తన జ్ఞాపకము వచ్చును, అది న్యాయమే. కాని 42వ కీర్తన చదువుడి. ఒకప్పుడు జనసమూహముతో కలిసి, పండుగ చేయుచు దేవుని మందిరమునకు నడిచిన మనుష్యుడు ఇప్పుడు దూరముగా ఉన్నాడు. కన్నీళ్లే అతనికి ఆహారము. అతడు తన ప్రాణమును తానే ప్రశ్నించుకొనుచు, దేవునియందు కనిపెట్టుమని దానికి చెప్పుకొనును. ఆ మాట 42:5లో ఒకసారి, 42:11లో ఒకసారి, 43:5లో మరల ఒకసారి వచ్చును. మన కీర్తనలలో పల్లవి తిరిగి తిరిగి వచ్చినట్లు ఇదియు వచ్చుచున్నది. ఒక్కసారి చెప్పగానే దుఃఖము తీరియున్నయెడల మూడుసార్లు చెప్పనక్కరలేదు. పల్లవి ఉన్నది ఇందుకే. ఒక్కసారితో మనసు వినదు.

88వ కీర్తన మరింత కఠినము. అది చీకటి మాటతోనే ముగియును. వెలుగు వచ్చినదని గాని, ప్రార్థనకు జవాబు దొరకినదని గాని చెప్పదు. ఇట్టి కీర్తన పరిశుద్ధ గ్రంథములో ఎందుకున్నది అని ఒక యౌవనస్థుడు మమ్మును అడిగెను. అతని తండ్రి అప్పటికి చాల కాలముగా మంచము మీద ఉన్నాడు. ఆ కీర్తన చివరనున్నది చీకటియే అయినను, దాని మొదటినుండి చివరివరకు మాటలన్నియు దేవునితోనే పలుకబడినవని మేము అతనికి చూపించితిమి. అంతకంటె ఎక్కువ మేము చెప్పలేదు. అతడు ఆ రాత్రి తండ్రికి దానిని చదివి వినిపించెననియు, తండ్రి రెండవసారి చదువుమనెననియు తరువాత తెలిసెను.

137వ కీర్తన వలస వచ్చినవారి కీర్తన. చెరపట్టినవారు వినోదము కొరకు సీయోను పాట ఒకటి పాడుమని అడిగిరి. వీరు సితారాలను చెట్లకు తగిలించి, అన్యదేశములో ఎట్లు పాడుదుమని దుఃఖించిరి. రెండు సంగతులు గమనింపుడి. సితారాలను తగిలించిరి గాని విరుగగొట్టలేదు, అమ్ముకొనలేదు. పాడలేమని చెప్పిన ఆ మాటయే కీర్తనయై, దానిని జనులు తరతరములు పాడిరి.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. సామెతలు 25:20 తీసి చదువుడి. దుఃఖచిత్తునికి పాటలు వినిపించుట చలిదినమున పైబట్ట తీసివేయుటతోను, సురేకారము మీద చిరకా పోయుటతోను అక్కడ పోల్చబడినది. సంగీతము ఎప్పుడైనను ఆదరించునని లేఖనము చెప్పుట లేదు. మా సంఘములోనే ఒకసారి పసిబిడ్డ చనిపోయిన యింటికి కీబోర్డు, మైకు, పెద్ద స్పీకరు పెట్టెలు తీసికొని వెళ్లితిమి. ఆదరణ కూడిక అని పేరు పెట్టి, చప్పట్లు కొట్టు పాటలు గంటన్నర పాడితిమి. విశ్వాసులు ఏడువరాదు అన్నట్లు ఉన్నది మా పద్ధతి. ఆ తల్లి లోపలి గదిలోనుండి బయటికి రాలేదు. అందరును వెళ్లిన తరువాత స్త్రీల సమాజపు పెద్దమ్మ ఒకామె లోపలికి వెళ్లి, ఆ తల్లి తల తన ఒడిలో పెట్టుకొని, చాల సేపు మౌనముగా కూర్చుండి, పిమ్మట మన పాత కీర్తన ఒకటి మెల్లగా, తాళము లేకుండ, తనకు తానే పాడుకొనునట్లు పాడెను. అప్పుడు ఆ తల్లి ఏడ్చెను. మేము గంటన్నరలో చేయలేనిది అక్కడ జరిగెను. ఆ దినమున మేము చేసినది తప్పని ఇక్కడ ఒప్పుకొనుచున్నాము.

పాట పుట్టుటకు ముందు దేవునితో పోట్లాట ఉండవచ్చునని కూడ గ్రహింపవలెను. ఓడ మునిగి నలుగురు కుమార్తెలను పోగొట్టుకొనిన హొరేషియో స్పాఫర్డు సంగతి (1873) మన ప్రసంగములలో తరచుగా వినబడును. దానికంటె మాకు థామస్ డార్సీ సంగతి దగ్గరగా తోచును. ఆయన అమెరికాలోని నల్లజాతివాడు, చికాగోలో బాప్తిస్టు సంఘ గాయక బృందమును నడిపినవాడు. 1932 ఆగస్టులో ఆయన వేరొక పట్టణములో కూటములలో ఉండగా భార్య ప్రసవములో చనిపోయెను. కొద్దిసేపటికే పుట్టిన బిడ్డయు చనిపోయెను. దేవుడు తనకు అన్యాయము చేసెనని ఆయన అనుకొనెను. ఇక ఆయన కొరకు పాటలు కట్టను అని తలంచెను. కొన్నాళ్లకు ఒక స్నేహితుని వెంట వెళ్లి పియానో ముందు కూర్చుండగా, పాత రాగమొకటి చేతికి తగిలి, దానిమీద క్రొత్త మాటలు వచ్చినవి. తన చేయి పట్టుకొని నడిపింపుమని ప్రభువును బ్రతిమాలుకొను పాట అది. జయగీతము కాదు. అలసిపోయినవాని మనవి.

మన భాషలోనికి వత్తము. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) నేటి ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి ప్రాంతమువారు. క్రీస్తును నమ్ముకొని, తెలుగు జనులకు తెలిసిన రాగములలో, తాళములలో కీర్తనలు కట్టిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో నేటికిని ప్రతి కీర్తన పైన రాగము, తాళము వ్రాసియుండుట మీరు చూచుచున్నారు. ఒడిశాలోని మన సహోదరులు మేము దూరముగా ఉన్నాము అని అనుకొనవద్దు; తెలుగు క్రైస్తవ గానమునకు గొప్ప ఊట ఒకటి వారి పక్కనే పుట్టినది.

1876–78 కాలపు మహా కరవు సంగతి కూడ పెద్దలు చెప్పగా వినియుందురు. ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ల త్రవ్వకపు పనిని ఒప్పుకొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. బోధకులే మేస్త్రీలైరి. తిండి కొరకు బాప్తిస్మమునకు వచ్చిరను మాట రాకుండునట్లు కరవు సహాయము జరిగినంత కాలము బాప్తిస్మములు నిలిపివేసిరి. అటు తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమునే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మన వార్షికోత్సవములలో గొప్పగా చెప్పుదుము. కాని వారు ఎవరో తలంచుడి. ఆ రెండేండ్లలో బిడ్డలను, తలిదండ్రులను, పశువులను పోగొట్టుకొనినవారు. వారిలో అనేకులకు అక్షరము రాదు. చదువురానివారికి వాక్యము చెవిలోనుండి లోపలికి పోయి, పాటలో నిలిచినది. గొర్రెల వెంట పోవునప్పుడు, నాట్లు వేయునప్పుడు, తోలు పని చేయునప్పుడు చేతిలో పుస్తకము ఉండదు. నోటిలో పాట ఉండును. వారి సంతతివారమే మనలో అనేకులము.

మన కాలములో రాత్రులు తక్కువ కాలేదు. 1996 నవంబరు తుపాను యానాము వారికి తెలియును. 2004 డిసెంబరు 26 సముద్రపు పొంగు, 2015 డిసెంబరు వరదలు చెన్నై వారికి తెలియును. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడినప్పుడు మూడు నాలుగు తరములుగా ఆ పనినే నమ్ముకొనియున్న కుటుంబములు ఏమి పడినవో ఇప్పటికిని తెల్లవారక ముందే బెంగుళూరు రైలెక్కి పనికి పోవు వారి బిడ్డలు చెప్పగలరు.

అన్నిటికంటె 2020, 2021 సంవత్సరములు మనకు ఒక క్రొత్త దుఃఖమును చూపినవి. పాటలేని భూస్థాపన. 2020 మార్చిలో దేశమంతట మందిరములు మూయబడినవి. భూస్థాపనకు ఇరువదిమందికి మించి కూడరాదను నియమము వచ్చినది. 2021 మే నెలలో మా సంఘపు వృద్ధ డీకను గారిని పాతిపెట్టుటకు మేము నలుగురమే వెళ్లితిమి. నలువది ఏండ్లు ప్రతి సమాధియొద్దను ముందుగా పాట ఎత్తినవాడు ఆయన. ఇప్పుడు ఆయన పెట్టెయొద్ద ఎత్తువారు లేరు. ముఖములకు మాస్కులు, ఒంటినిండ ప్లాస్టిక్ అంగీలు. తొందరగా ముగింపుడని పక్కన నిలిచినవారు చెప్పుచుండిరి. అప్పుడు ఆయన పెద్ద కుమారుడు ఫోను తీసి, శబ్దము పెంచి, పెట్టె మీద ఉంచెను. మూడు ఊళ్లలోనుండి బంధువులు, సంఘస్థులు వారి వారి యిండ్లలో కూర్చుండి ఒకేసారి పాడుచుండిరి. ఒకేసారి అంటిమి గాని అట్లు వినబడలేదు. ఒక ఊరివారు పల్లవిలో ఉండగా ఇంకొక ఊరివారు చరణములోనికి పోయిరి; ఒక గొంతు మధ్యలో తెగిపోయి మరల వచ్చెను. శ్రుతి లేదు, తాళము లేదు. మా జీవితములో అంత చెదరిన పాటను మేము వినలేదు. మట్టి వేయుటకు వచ్చిన ఇద్దరు కూలివారు, మన భాష తెలియనివారు, పారలు క్రింద పెట్టి, పాట అయిపోవువరకు నిలిచియుండిరి. ఫిలిప్పీలో ఖైదీలు వినుచుండిరను మాట మాకు ఆ దినమున అర్థమైనది.

ఆ పాట సాధ్యమైనది ఎట్లు? ఆ మూడు ఊళ్లలో ఎవరి చేతిలోను పుస్తకము లేదు. వారందరికి అది వచ్చును. ఇదియే మమ్మును కలవరపెట్టు సంగతి. ఇంకొక ఇరువది ఏండ్లకు అట్టి రాత్రి వచ్చినయెడల మన మనుమలకు ఏది వచ్చును?

యానాములో పిల్లలు తెలుగు చదువుదురు. తక్కిన చోట్ల మన పిల్లలు ఇంట్లో తెలుగు మాటలాడుదురు గాని అక్షరములు రావు. ఆరాధనలో పుస్తకము పట్టుకొని పెదవులు కదుపుదురు. కొందరు పెద్దలు దీనికి పిల్లలను గద్దించుచున్నారు. పిల్లలు ఇంగ్లీషు పాటలు, హిందీ పాటలు పాడుచున్నారని విసుగుకొనుచున్నారు. ఆ పాటలలో దోషము లేదు. అయితే వారి నాయనమ్మ మరణపడకమీద ఉన్నప్పుడు ఆమెతో కలిసి పాడుటకు అవి పనికిరావు. అంతే మా బాధ.

కర్ణాటకలోని ఒక కుటుంబములో మేము చూచినది చెప్పుదుము. ఇంటి పెద్దామెకు జ్ఞాపకశక్తి పోయినది. కుమారుని గుర్తుపట్టదు, అన్నము తినినదో లేదో చెప్పలేదు. కాని కీర్తన పల్లవి ఎవరైన ఎత్తినయెడల నాలుగు చరణములు తప్పులేకుండ పాడును. మాటలు పోయినవారిలో కూడ పాట చాల కాలము నిలుచునని వైద్యులును చెప్పుదురు. ఆమె మనుమరాలు పదునాలుగేండ్ల పిల్ల. ఆ పిల్ల నాయనమ్మ పక్కన కూర్చుండి, ఆమె పాడుచుండగా విని, ఒక నోటుపుస్తకములో కన్నడ అక్షరములతో ముప్పది కీర్తనలు వ్రాసికొన్నది. ఇప్పుడు ఇద్దరును కలిసి పాడుదురు. మనుమరాలి పేరు ఆమెకు తెలియదు. తనతో పాడు పిల్ల అని తెలియును.

పరాయి అక్షరములలో తెలుగు కీర్తన వ్రాయుట సిగ్గు అని తలంచువారు మనలో ఉన్నారు. మేము అట్లు తలంచుట లేదు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు గనుక అక్కడ కష్టము తక్కువ. తమిళ లిపిలో క, గ అను శబ్దములకు ఒకటే అక్షరము, త, ద అను వాటికిని అంతే. పిల్లలు దేవా అనుటకు బదులు తేవా అందురు, పెద్దలు నవ్వుదురు. నవ్వవద్దు, ప్రక్కన కూర్చుండి పలికించుడి. మరాఠీ అక్షరములలో ఎ, ఏ అనువాటికి భేదము చూపుట కష్టము. అక్కడ దీర్ఘమునకు ఒక గీత గుర్తుగా పెట్టుకొనవచ్చును. ఒడియా చదువు పిల్లలకును ఇట్టిదే ఏర్పాటు చేయుడి. కొలొస్సయులకు వ్రాసిన మాట ఒకరికి ఒకరు బోధించుకొనుటను గూర్చినది. అది గాయక బృందమునకు మాత్రమే ఇచ్చిన ఆజ్ఞ కాదు, నాయనమ్మకును మనుమరాలికిని ఇచ్చినది.

పాఠము నడిపించువారికి ఒక మనవి. ఈ పాఠము చివర ప్రశ్నలు ఇవ్వలేదు. బదులుగా ఇట్లు చేయుడి. మీ సంఘములో సమాధియొద్ద తరచుగా పాడు కీర్తన ఒకటి ఎన్నుకొనుడి. సంఖ్య చెప్పవద్దు. కీబోర్డు, డోలకు ఆపుడి. అందరిని పుస్తకములు మూసి ఒడిలో పెట్టుకొనుమనుడి. వీలైతే దీపములు కూడ ఆర్పుడి. పల్లవి ఎత్తి, చివరి చరణమువరకు పాడుడి. ఏ చరణము యొద్ద గొంతులు తగ్గునో, ఎచ్చట ముసలివారి గొంతులు మాత్రమే మిగులునో గమనించి వ్రాసికొనుడి. వచ్చే ఆదివారము పిల్లలకు ఆ చరణమునుండి నేర్పుట ఆరంభింపవచ్చును.